ఈకల ముందు నవ్వకూడదు

ప్రాగ్, జిష్కోవ్
12 నవంబరు 1972

అపొలేనక్కా,

ఉత్తరం వస్తే చివరి వాక్యం ముందు చదివే అలవాటు నీది. అందుకని చివర్లో ఏమీ దాచడం లేదు, మొదటే చెప్పేస్తున్నాను. మన సినిమాని చంపేశారు.

పైనుంచి వచ్చిన అధికారులు ఎనిమిది మంది కూర్చుని చూశారు. నన్ను వెనక వరసలో కూర్చోబెట్టారు, అడిగితే తప్ప మాట్లాడకూడదన్నారు. మన ఊరి ఆడవాళ్ళు అయిదుగురూ బల్ల చుట్టూ కూర్చుని బొంతల కోసం ఈకలు ఒలుస్తున్నంతసేపూ చూసేవాళ్ళు బాగానే ఉన్నారు. ఫిల్ము మీద నేను సూదితో గీకిన గీతలు, అంటించిన బాతు నూగు తెర మీద ఎగురుతుంటే ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, దుమ్ము పడిందనుకుని. ఆ తర్వాత చివరి పది నిమిషాలు వచ్చాయి. ఎవరూ నోరు విప్పని ఆ పది నిమిషాలు.

"ఏమ్మా, వీళ్ళు మాట్లాడరేం? ఎవరికి భయపడుతున్నారు?" అన్నాడు మధ్యలో కూర్చున్నాయన.

"ఈకలకండీ" అన్నాను.

"వెటకారమా?"

"కాదండీ. ఒలిచిన నూగు బల్ల మీద కుప్పగా ఉంటుంది. నవ్వినా, తుమ్మినా, తలుపు తీసినా అంతా లేచిపోతుంది. అందుకే ఊపిరి బిగబట్టి కూర్చుంటారు."

ఆయన పక్కవాళ్ళ వంక చూశాడు. పట్నంలో పుట్టి పెరిగినవాడు, ఇంట్లో ఈకల బొంత కప్పుకునే పడుకుంటాడు కానీ అదెలా తయారవుతుందో తెలీదు. "దేశమంతా నోరు మూసుకుని ఉందని చెప్తున్నావు, అంతేగా" అన్నాడు. నేను తీసిందొకటి, ఆయన చూసిందొకటి. ఆయన చూసిందే ఎక్కువ బాగుందేమో కూడా.

నెగటివు, ప్రింట్లు, మాటల రీలు అన్నీ నాశనం చేయాలని ఉత్తర్వు. అయిపోయిందట కూడా, పోయిన నెలే. నేనింక సినిమాలు తీయకూడదు. నలభై నాలుగేళ్ళకి నా పని అయిపోయింది.

ఇదంతా నేను తట్టుకోగలను. తట్టుకోలేనిది ఒకటుంది. స్టూడియో వరండాలో ఒక కాగితం అంటించారు. ఈ సినిమాని ఖండిస్తున్నామని పనివాళ్ళు ముప్పై ఒక్కమంది పెట్టిన సంతకాలు. తొమ్మిదోది దగ్గర ఆగిపోయాను. పన్నెండేళ్ళుగా నా ప్రతి సినిమా డబ్బా మీదా పేరు రాసిన చేతిరాత అది. నా సినిమాలన్నీ కత్తిరించి అతికించిన చెయ్యి. ఆ వారమే నువ్వు పెన్షను కాగితాలు సర్దుకుని, నాతో ఒక్క ముక్క చెప్పకుండా ఊరెళ్ళిపోయావు.

ఆ సంతకం నీదేనా?

వెండులా

*

లిపావ్కా
3 డిసెంబరు 1972

వెండులా,

నాదే.

ఎందుకని అడుగుతావు. ఉత్తరంలో చెప్పేది కాదు. నేను వచ్చి చెప్పేదీ కాదు. తిట్టాలనుకుంటే తిట్టు, నీకా హక్కుంది.

ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. పేపర్లో వేశారుగా, పేర్లతో సహా. చలికాలం మొదలైంది, ఒతీలియా అత్త ఇంట్లో ఈకలు ఒలవడం మొదలైంది, నన్ను పిలవలేదు. యాభై ఏళ్ళలో ఇది మొదటిసారి. "మమ్మల్ని బొమ్మ తీసిన పిల్లని అమ్ముకుంది" అందట అత్త. సినిమాలో తను ఎలా ఉందో చూసుకోవాలని ఆవిడకి ఎంత ఆశో నీకు తెలుసు. చర్చికి వెళ్ళినప్పుడు నా పక్క బెంచీ ఖాళీగా ఉంటోంది.

అందుకని నా ఈకలు నేనే ఒలుచుకున్నాను, ఒక్కదాన్నే. దాంతో నీకో బొంత కుట్టాను, ఈ ఉత్తరంతోపాటే రైల్లో పంపుతున్నాను. అమ్మమ్మ ప్రతి ఆడపిల్లకీ పెళ్ళికి ఒకటి కుట్టేది. నువ్వు పెళ్ళి చేసుకోలేదు, నీకు రాలేదు. పెళ్ళి కాని పిల్లకి చలి వెయ్యదా?

నీకు ఎనిమిదేళ్ళప్పుడు గుర్తుందా? ఈకల బల్ల దగ్గర అందరం కుక్కిన పేనుల్లా కూర్చుంటే, నువ్వు దేనికో పకపకా నవ్వావు. సాయంత్రమంతా ఒలిచిన నూగు ఇంటి కప్పుకి అంటుకుంది. అమ్మమ్మ నిన్ను తలుపు బయట కూర్చోబెట్టింది. నేను చాటుగా రొట్టె తెచ్చిచ్చాను.

నాకోసం ఒక పని చెయ్. కోపం ఉన్నా సరే, ఒక్కసారి ఆ బొంత కప్పుకుని పడుకో. కాళ్ళ వైపు అమ్మమ్మ వేసే జంట కుట్టు వేశాను. బాగా కుదిరిందో లేదో చూసి చెప్పు.

అపొలేనా

*

ప్రాగ్, జిష్కోవ్
20 జనవరి 1973

అపొలేనా,

నీ మూట అందింది. విప్పలేదు.

పన్నెండేళ్ళు పక్కపక్కన కూర్చుని పనిచేశాం. చీకటి గదిలో ఇద్దరం ఒకే కప్పులో కాఫీ తాగాం. ఏ బొమ్మ దగ్గర కత్తిరించాలో నేను నోరు తెరవకముందే నీ చేతికి తెలిసేది. అలాంటి దానివి ఒక్క వాక్యంలో "నాదే" అని రాసి, పక్కనే ఈకల కబుర్లు చెప్తావా? పుండు మీద కారం చల్లి, పైన నూగు కప్పుతావా?

నేనిప్పుడు లాంప్‌షేడ్లకి రంగులేసే పనిలో ఉన్నాను. రోజుకి నలభై. అన్నిటి మీదా ఒకటే పువ్వు.

బొంత కింది అంతస్తులో షెబెస్తోవా గారికి ఇచ్చేశాను. మా బిల్డింగు చూసుకునేది ఆవిడే. మెట్లు తుడుస్తుంది, తాళాలు చూస్తుంది, నా ఇంటికి ఎవరొచ్చారో ఏ వేళకొచ్చారో చిన్న పుస్తకంలో రాసి ఎక్కడివ్వాలో అక్కడ ఇస్తుంది. బిల్డింగులో అందరికీ తెలిసిన రహస్యమే. ఆవిడకి నడుం నొప్పి. నా మీద చాడీలు రాసేటప్పుడైనా వెచ్చగా ఉంటుందని ఇచ్చాను.

అక్కా అని పిలవలేకపోతున్నాను. ఏమీ అనుకోకు.

వెండులా

*

లిపావ్కా
28 జనవరి 1973

వెండులా,

ఎంత పని చేశావు!

దాన్ని వెనక్కి తీసుకో. ఇచ్చిన వస్తువు అడగడం మర్యాద కాదని నాకూ తెలుసు. మా అక్క పెద్దావిడ, ఏడుస్తోందని చెప్పు, పిచ్చిదని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. ఒకరికోసం ఒలిచిన ఈకలు ఇంకొకరి మీద కప్పకూడదని అమ్మమ్మ అనేది. అనేదో లేదో, ఇప్పుడు నేనంటున్నాను.

ఆవిడకి నేను ఇంకొకటి కుట్టి పంపుతాను. ఇంతకన్నా పెద్దది. నీకు పంపినది మాత్రం వెనక్కి తీసుకో, తీసుకుని ఇంట్లో పెట్టుకో.

నిన్ను జీవితంలో ఏదీ అడగలేదు. ఇదొక్కటే అడుగుతున్నాను.

అపొలేనా

*

ప్రాగ్, జిష్కోవ్
9 ఏప్రిల్ 1973

అపొలేనా,

నీ జనవరి ఉత్తరానికి జవాబు రాయలేదు. బొంత కోసం అన్ని కన్నీళ్ళు కార్చినదానివి సినిమా కోసం ఒక్క చుక్క కార్చలేదని మండింది. షెబెస్తోవా గారిని నేనేమీ అడగలేదు. అడగను కూడా.

ఇప్పుడు రాయడానికి కారణం వేరు. నన్ను పిలిచారు. కాఫీ ఇచ్చారు, కేకు కూడా పెట్టారు. ఒక కాగితం ముందుకు తోశారు. నేను తీసిన సినిమా తప్పని, ప్రజలకి అర్థంకాని గీతలూ ఈకలూ చూపించి వాళ్ళని అవమానించానని, అది ఇప్పుడు లేనందుకు సంతోషిస్తున్నానని ఉంది అందులో. సంతకం పెడితే పేపర్లో వేస్తారు. బదులుగా పిల్లలకోసం కీలుబొమ్మలతో ఒక సినిమా తీయనిస్తారు. మేకపిల్లా, తోడేలూ కథ.

బుధవారం, పద్దెనిమిదో తేదీన వెళ్ళాలి. పెట్టేస్తాను.

ఎందుకు పెట్టకూడదో నువ్వే చెప్పు. సినిమా ఉంటే దాన్ని కాదనడం ద్రోహం. లేనిదాన్ని కాదంటే ఏం పోతుంది? చచ్చిన పామును ఇంకో దెబ్బ కొట్టినట్టు, అంతే. ఆరు నెలలుగా పువ్వులు వేస్తున్నాను అపొలేనా. కలలో కూడా అదే పువ్వు కనిపిస్తోంది. మళ్ళీ కెమెరా వెనక నిలబడాలని ఉంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, కీలుబొమ్మ మేకపిల్లయినా చాలు.

నీకే ఎందుకు రాస్తున్నానో తెలీదు. సంతకం అనుభవం ఉన్నదానివి కాబట్టేమో.

వెండులా

*

లిపావ్కా
15 ఏప్రిల్ 1973, ఆదివారం

చెల్లీ,

ఇది టపాలో వేసే ఉత్తరం కాదు. పశువుల డాక్టరు గారి భార్య లిబూషా ప్రాగ్‌లో తన చెల్లెలింటికి వెళ్తోంది, ఆమె చేతికి ఇస్తున్నాను. నమ్మకస్తురాలే, కానీ లోపల ఏముందో ఆమెకి చెప్పలేదు. తొందర చేస్తే అనుమానపడుతుందని "తీరిక చూసుకుని ఇవ్వు" అన్నాను. మంగళవారం బయల్దేరుతుంది. నీ బుధవారం లోపల అందుతుందని దేవుడి మీద భారం వేశాను.

సంతకం పెట్టకు. సినిమా ఉంది.

అంతా వరసగా చెప్తాను. పోయిన అక్టోబరులో ఒక గురువారం, మన సినిమాని ఖండించే ఆ కాగితం మా గదికి తెచ్చారు. పెట్టనివాళ్ళ దగ్గర అక్కడికక్కడే తాళంచెవులు తీసేసుకున్నారు. నాశనం చేయాల్సిన డబ్బాలన్నీ నా బీరువాలో ఉన్నాయి. శుక్రవారం వాటిని లారీ ఎక్కించాల్సింది కూడా నేనే. నాకింకొక్క రోజు ఆ తాళంచెవి కావాలి. పెట్టాను.

పెద్ద రీళ్ళు కాపాడటం నావల్ల కాలేదు, లెక్కపెట్టి తీసుకెళ్ళారు. కానీ మనం సరిచూసుకోవడానికి తీయించుకున్న సన్న ఫిల్ము ప్రింటు ఒకటుంది, గుర్తుందా? ఆ డబ్బాలో బఠాణీ పంట కోతల మీద తీసిన పాఠాల సినిమా పెట్టి మూత బిగించి, పైన నీ సినిమా పేరు రాశాను. బఠాణీలు నాశనమయ్యాయి. నీ రీలు నా కోటు కింద, నడుముకి కట్టుకుని ఇంటికొచ్చింది. మాటలు పోయాయి, బొమ్మ మిగిలింది. నువ్వు అంటించిన నూగు, గీకిన గీతలు, అన్నీ.

అది ఆ బొంతలో ఉంది. కాళ్ళ వైపు, జంట కుట్టు వెనక. ఒక్కసారి కప్పుకుని పడుకుంటే కాలికి తగులుతుందనుకున్నాను. నీ కోపం ఇంత పెద్దదని అనుకోలేదు.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. ఉత్తరాలు వాళ్ళు విప్పుతారు. అదొకటే కాదు, నిజం చెప్తాను. నీ నోట్లో నువ్వుగింజ నానదు. నా సంతకం వెనక కారణం తెలిస్తే నన్ను వెనకేసుకు రాకుండా ఉండలేవు. మర్నాడే కాఫీ హోటల్లో నలుగురి ముందూ "మా అక్క అలాంటిది కాదు" అనేదానివి. ఈకల ముందు నవ్వినదానివి నువ్వు. అందుకే నన్ను తిట్టుకుంటుంటే తిట్టుకోనిచ్చాను. తేలిక కాదు. ఒక్కోరోజు ఏడ్చాను.

ఇప్పుడు మీ కింది అంతస్తు ఆవిడ దాన్ని ఏం చేసిందో, ఎవరికిచ్చిందో నాకు తెలీదు. నాకు భయంగా ఉంది చెల్లీ.

నీ అక్క

*

ప్రాగ్, జిష్కోవ్
24 ఏప్రిల్ 1973
(లిబూషా చేతికి)

అక్కా,

అక్కా, అక్కా, అక్కా. అయిదు నెలల బాకీ తీర్చుకుంటున్నాను.

లిబూషా మంచి మనిషి. తీరిక చూసుకునే ఇచ్చింది. చెల్లెలితో కలిసి ఈస్టరు వంటలన్నీ ముగించి, గొర్రెపిల్ల ఆకారం కేకు ఒకటి చేతిలో పట్టుకుని శుక్రవారం నా తలుపు తట్టింది. నేను బుధవారం పొద్దున పదింటికే సంతకం పెట్టేశాను.

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివి మెట్లు దిగాను. ఎలా దిగానో తెలీదు. షెబెస్తోవా గారు వంటగదిలో గుడ్లకి రంగులేస్తున్నారు.

"బొంత కోసమా?" అన్నారు, నేను ఏమీ అనకముందే.

గుమ్మం పట్టుకుని తల ఊపాను.

"కూర్చో. ముఖం సున్నం కొట్టినట్టుంది. మొదటి రోజే తెలిసిందిలే. కాలికి గట్టిగా తగిలింది. ఈకల్లో రాయేంటా అని కుట్టు విప్పి చూశా. భలే గట్టి కుట్టు, ఎవరు వేశారో గానీ."

"మా అక్క."

"చేతిపని తెలిసిన మనిషి. ఇదిగో, ఈ కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూశా. చిన్న చిన్న ఆడవాళ్ళు, ఈకలు ఒలుస్తా. మాది షుమవా కొండల్లో పల్లె. మా అమ్మ అట్నే కూర్చునేది, పెదాలు బిగించి. మనిషి పోయి ముప్పై ఏళ్ళయింది. ఫోటో కూడా లేదు."

"ఎవరికైనా చెప్పారా?" అన్నాను.

ఆవిడ గుడ్డు కింద పెట్టారు. "చూడమ్మాయ్. నీ ఇంటికెవరొచ్చారు, ఎన్నింటికొచ్చారు, ఇదే నన్నడిగేది. రాస్తాను. రాయకపోతే ఈ గది ఉండదు. బొంతల్లో ఏముందని వాళ్ళు అడగలా. అడగనిదానికి జవాబెందుకు?"

లేచి అల్మారా మీంచి కేకుల డబ్బా దించారు. లోపల శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంది. డబ్బా నా చేతిలో పెట్టి, "ఇది తీసుకో. బొంత మాత్రం అడక్కు, ఇవ్వను. నా నడుం దానికి అలవాటు పడింది" అన్నారు.

నవ్వొచ్చింది అక్కా, ఏడుపూ వచ్చింది. ఆవిడ ముందు రెండూ చేశాను.

తర్వాతది విను. శనివారం పేపర్లో పడింది, నా ఫోటోతో. "అది ఇప్పుడు లేనందుకు సంతోషిస్తున్నాను." ఆ వాక్యాన్నే పెద్ద అక్షరాల్లో వేశారు. ఆదివారం మన కెమెరా పట్టే పావ్లా చర్చి ముందు ఎదురైంది. నన్ను చూసి రోడ్డు దాటి వెళ్ళిపోయింది. నాతోపాటు మంచులో మోకాళ్ళ మీద పాకి ఆ అయిదుగురి ముఖాలు తీసిన మనిషి. వెనకాలే పరిగెత్తి "ఉంది పావ్లా, మన సినిమా ఉంది" అని అరుద్దామనుకున్నాను. నోటి దాకా వచ్చింది.

ఇంటికొచ్చి ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నానని ఒక ఉత్తరం రాశాను. కవరు మీద చిరునామా కూడా రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉందని తెలిసీ రాశాను. అప్పుడు షెబెస్తోవా గారి మాట గుర్తొచ్చింది. అడగనిదానికి జవాబెందుకని. బుధవారం సంతోషించినది ఆదివారానికి ఎందుకు మారిందని వాళ్ళడుగుతారు. అడిగితే వెతుకుతారు. నా ఇల్లు, ఆవిడ గది, నీ ఊరు. బఠాణీల డబ్బా దాకా వెళ్తారు.

ఉత్తరం పొయ్యిలో పెట్టాను.

సినిమా బతకాలంటే నేను దాన్ని కాదన్న మనిషిగానే ఉండాలి. పావ్లా రోడ్డు దాటుతూనే ఉండాలి. నేను మాట్లాడకూడదు. పొయ్యి ముందు కూర్చుంటే అప్పుడు తెలిసింది, ఈ చలికాలమంతా నువ్వు ఎక్కడ కూర్చున్నావో. నేను రాసిన ప్రతి ఉత్తరం గుర్తొచ్చింది. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

మేకపిల్ల సినిమా తీస్తాను. తోడేలుకి బాతు ఈకల కాలరు పెడతాను.

నవంబరులో నిన్ను ఒక ప్రశ్న అడిగాను. ఇప్పుడు నువ్వు నన్ను అడుగు. నాదే.

నీ వెండులా

*

లిపావ్కా
2 డిసెంబరు 1973

వెండులా,

ఇది టపాలోనే వేస్తున్నాను. ఈకలు ఒలవడానికి చెల్లెల్ని పిలవడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా.

నేనేమీ అడగను.

సెయింట్ మార్టిన్ పండక్కి ఏడు బాతులు కోశాం. ఈకలు రెండు గోతాలయ్యాయి. ఈసారి పిలుపు కోసం కాచుకుని కూర్చోలేదు, నేనే వెళ్ళి ఒతీలియా అత్త గడప తొక్కాను. మా ఇంట్లో ఒలుద్దాం రమ్మన్నాను, మా వెండులా కూడా వస్తుందన్నాను. అత్త గడప అవతల నుంచే అంది.

"అదీ పెట్టిందిగా సంతకం? పేపర్లో చూశా. నువ్వొకటి, అదొకటి. ఒక గూటి పక్షులే."

"అవునత్తా" అన్నాను.

నన్ను కిందికీ పైకీ చూసింది. "ఎన్నేళ్ళు బతుకుతా నేను? ఎనభై ఒకటి. ఈకలు ఒలవడానికి నీతులెందుకులే, వేళ్ళుంటే చాలు. వస్తాం" అంది. మిగతా నలుగురూ వస్తున్నారు. అత్త చూపు బాగా తగ్గింది, ఈ ఏడాది దాటితే ఏమీ కనిపించదని డాక్టరు అన్నాడు. కాబట్టి ఆలస్యం చెయ్యకు.

వచ్చేటప్పుడు షెబెస్తోవా గారు ఇచ్చిన కేకుల డబ్బా తీసుకురా. ఆవిడ కోసం చిన్న దిండు ఒకటి కుట్టి ఉంచాను, నడుం కింద పెట్టుకోవడానికి. పాత గూట్లో ఉన్న, చేత్తో తిప్పే నా యంత్రానికి అద్దం తుడిచి నూనె పెట్టాను, చక్కగా తిరుగుతోంది. ఉతికిన దుప్పటి గోడకి కట్టి ఉంచాను. మాటలు పోయాయని బెంగపడకు. ఆ రోజు ఎవరేమన్నారో అయిదుగురికీ గుర్తుంది, మళ్ళీ అంటారు.

వాళ్ళ గురించి నాకు బెంగలేదు. జీవితమంతా ఈకల ముందు కూర్చున్నవాళ్ళు, చూసింది కడుపులో పెట్టుకోవడం వాళ్ళకి ఒకరు నేర్పాలా? నా భయమంతా నీ ఎనిమిదో ఏటి నుంచీ నీ గురించే. అది ఈ ఏడాది పోయింది.

శనివారం మధ్యాహ్నం బస్సుకి రా. ఈసారి నీ కుర్చీ తలుపు బయట వెయ్యలేదు. బల్లకి మధ్యలో, నూగు కుప్పకి ఎదురుగా వేశాను.

అక్క